క్రీస్తులో నిలిచే తృప్తి కావాలంటే సోమవారం నుంచి ఏం చేయాలి

మూడు రాత్రుల మహాసభలు అయిపోయాయి. ఆఖరి రాత్రి పాట దగ్గర చేతులెత్తి ఏడ్చారు, ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటినా నిద్ర పట్టనంత సంతోషం. సోమవారం డ్యూటీకి వెళ్లారు. బుధవారానికి ఇంట్లో అదే విసుగు, ఆఫీసులో అదే టెన్షన్, బైబిలు తెరిస్తే చదువుతున్నారు గానీ ఒక్క మాటా మనసుకు పట్టడం లేదు. "ఆత్మీయంగా చల్లబడిపోయాను" అనుకుని, మళ్లీ ఎక్కడ సభలు జరుగుతున్నాయా అని పోస్టర్లు చూడటం మొదలుపెడతారు. మన సంఘాల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి ఇలాగే ఒక సభ నుంచి ఇంకో సభకు ఈదుకుంటూ వస్తున్నారు, మధ్యలో ఉన్న రోజులన్నీ లెక్కలోకి రాని రోజుల్లా గడిచిపోతున్నాయి.

సభలు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పందిళ్లలో మారుమనస్సు పొందినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. కానీ పెళ్లి భోజనం ఎంత కమ్మగా ఉన్నా మనిషిని బతికించేది ఇంట్లో రోజూ వండుకునే అన్నం పప్పే కదా. ఆ రోజువారీది ఎలా ఏర్పాటు చేసుకోవాలో చెబుతాను. ఇందులో కొత్త మర్మమేమీ లేదు, అన్నీ పాత పనులే, చేసేవాళ్లే తక్కువ.

ముందు, మీరు దేన్ని వెతుకుతున్నారో కాగితం మీద పెట్టండి

ఒక చిన్న నోటుబుక్ తీసుకోండి. వారం రోజులు, పడుకునే ముందు రెండే రెండు మాటలు రాయండి: ఈరోజు నాకు సంతోషం ఇచ్చింది ఏమిటి, అది ఎంతసేపు నిలిచింది. ఫోన్ కొన్నది రాయండి, స్టేటస్‌కి వచ్చిన లైకులు రాయండి, కాయిర్‌లో మీ పాట బాగుందని అన్నది కూడా రాయండి. దేవుని పనిలో వచ్చే పొగడ్త కూడా ఆరిపోయే సంతోషమే అవుతుంది, దాన్ని లిస్టులోంచి తప్పించకండి.

వారం తర్వాత ఆ పేజీలు పక్కన పెట్టుకుని యోహాను సువార్త 6వ అధ్యాయం మొత్తం ఒకేసారి చదవండి. ఐదు రొట్టెలతో అయిదువేల మందికి కడుపు నిండింది, మర్నాడు ఆ జనమే దోనెలెక్కి కపెర్నహూముకు వెతుక్కుంటూ వచ్చారు. చూడటానికి ఎంత భక్తి! యేసు మాత్రం వాళ్ల ముఖం మీదే చెప్పాడు, "మీరు సూచనలను చూచుటవలన కాదు గాని రొట్టెలు భుజించి తృప్తి పొందుటవలననే నన్ను వెదకుచున్నారు" అని. అధ్యాయం అయ్యేసరికి చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. ఉండిపోయిన పేతురు అడిగింది ఒక్కటే, ఎవరి దగ్గరకు వెళ్లాలి ప్రభువా అని. ఆయన ఇచ్చేది కావాలా, ఆయనే కావాలా? ఈ ప్రశ్నకు మీ నోటుబుక్ నిజాయితీగా జవాబు చెబుతుంది. ఆ జవాబు మీకు నచ్చకపోయినా దాన్ని అలాగే దేవుని ముందు పెట్టి, "నా పరిస్థితి ఇదీ" అని చెప్పండి. యోహాను 4వ అధ్యాయంలో బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ కూడా మొదట అడిగింది రోజూ బావికి వచ్చి చేదుకునే శ్రమ తప్పించమనే. ఆయన ఆమెను తిప్పి పంపలేదు, ఆ మాట దగ్గర నుంచే సంభాషణ కొనసాగించాడు.

ఊపు దిగిన రోజు భయపడకండి, ముందు నిద్రపోండి

1 రాజులు 18, 19 అధ్యాయాలు పక్కపక్కనే చదవాలి, విడదీసి చదివితే సగం పోతుంది. కర్మెలు కొండ మీద ఏలీయా ప్రవక్త ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది, జనమంతా సాగిలపడ్డారు, మూడేళ్ల కరవు తర్వాత వాన కురిసింది. అంతకంటే పెద్ద సభ ఎవరు చూస్తారు? తర్వాతి అధ్యాయంలో అదే మనిషి యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతున్నాడు.

అక్కడ దేవుడు ఏం చేశాడో నిదానంగా చూడండి. గద్దించలేదు, "నీ విశ్వాసం ఏమైంది" అనలేదు. దూతను పంపాడు. ఏలీయా నిద్ర లేచేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి తిను అని మళ్లీ పెట్టాడు. ఆ తర్వాతే నలభై రోజుల నడక, హోరేబు కొండ. అక్కడ పెనుగాలి వీచింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది, వాటిలో యెహోవా లేడు. తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". ఆ స్వరం ఏలీయాకు మళ్లీ ఒక కర్మెలును చూపించలేదు, చేయాల్సిన పనులు అప్పగించింది: వెళ్లి హజాయేలును రాజుగా అభిషేకించు, యెహూను రాజుగా అభిషేకించు, నీ తర్వాత ప్రవక్తగా ఎలీషాను సిద్ధం చెయ్యి.

కాబట్టి సభల తర్వాతి రెండు రోజులు మీ విశ్వాసాన్ని కొలవకండి. మూడు రాత్రులు నిద్ర లేదు, వేళకు తిండి లేదు, గొంతు పోయింది. ఒళ్లు అలిసిపోతే మనసు కూడా అలిసిపోతుంది, దాన్ని సాతాను పోరాటం అనుకుని ఆ నీరసం మీద ఇంకో ఉపవాసం పెట్టుకోకండి. వేళకు తినండి, తొందరగా పడుకోండి, గురువారం నుంచి మొదలుపెట్టండి.

ఒక చోటు, ఒక వేళ, ఒక పత్రిక

రాత్రే ఫోన్‌ను ఫ్రిజ్ మీదో హాల్లోనో ఛార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం కోసమని మంచం పక్కన పెట్టుకుంటారు, అలారం ఆపిన వేలే వాట్సాప్ తెరుస్తుంది, అక్కడ ఇరవై గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ వాగ్దానాలు, వాటిలో ఏదో ఒకటి ఫార్వర్డ్ చేసేస్తే ఈరోజు వాక్యం అయిపోయినట్టు అనిపిస్తుంది. తక్కువ ధరలోనే అలారం గడియారాలు దొరుకుతాయి. అచ్చు బైబిలు తీసి, కుర్చీ ఎక్కడ వేసుకుంటారో అక్కడే రాత్రే పెట్టేయండి.

చదవడానికి ఫిలిప్పీ పత్రికతో మొదలుపెట్టమంటాను. నాలుగు అధ్యాయాలు, నూట నాలుగు వచనాలు. పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన ఉత్తరం ఇది, అయినా సంతోషం అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రోజుకొక అధ్యాయం చొప్పున నాలుగు రోజులు, ఐదో రోజు మళ్లీ మొదటి అధ్యాయం. నెలంతా ఇదే. రెండో వారంలో విసుగొస్తుంది, తెలిసిందే కదా అనిపిస్తుంది, అప్పుడు మానకండి. మూడో వారంలో ఇంతకుముందు కంటికి ఆనని మాటలు ఆనడం మొదలవుతుంది. యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలకు పడటం లేదని నాలుగో అధ్యాయంలో ఉంటుంది. "ప్రభువునందు ఆనందించుడి" అనే మాట సరిగ్గా ఆ గొడవ పక్కనే ఉందని ఎంతమంది గమనించారు? సంఘంలో మాటలు లేని ఇద్దరి మధ్య నిలబడి ఈ అధ్యాయం చదివితే వేరేగా వినిపిస్తుంది.

చదివాక ఒక్క వచనం చేత్తో రాసుకోండి. దాని కింద ఒక లైను: దీన్ని బట్టి ఈరోజు నేను ఏం చేయాలి, లేదా ఏం మానాలి. పెద్ద ధ్యానాలు రాయనక్కర్లేదు.

ఇక్కడ వాగ్దాన కార్డుల గురించి ఒక మాట. కొత్త ఏడాదికి ఒక వచనం అచ్చువేసి ఇచ్చే ఆ కార్డు డిసెంబర్ 31 రాత్రి అందరం తీసుకుంటాం, తప్పేం లేదు. కానీ కార్డు మీదున్న వచనం ఏ అధ్యాయంలోదో ఆ అధ్యాయం మొత్తం చదివాకే గోడకు అతికించండి. యిర్మీయా 29:11 మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే వచనం, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. అది బబులోనుకు చెరపట్టబడిపోయిన వాళ్లకు పంపిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టి తీసుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. వచ్చే నెలలో వీసా వస్తుందా రాదా అన్నదానికంటే ఎంతో లోతైన ధైర్యం అందులో ఉంది, ఒక్క వచనం కత్తిరించుకుంటే ఆ ధైర్యం మనకు దక్కదు.

మాటలు రాని రోజు కీర్తనలు నోటితో చదవండి

ప్రార్థన అంటే గట్టిగా, ఆగకుండా, కన్నీళ్లతో ఉండాలని మనకు ఎలాగో అలవాటైపోయింది. స్టేజీ మీద అలాగే విన్నాం. దాంతో గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు మూడు నిమిషాల్లో మాటలు అయిపోతే నాలో ఏదో లోపం ఉంది అనుకుంటాం. యేసు చెప్పింది గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని, ఎక్కువ మాటలాడితే వింటాడని అనుకోవద్దని.

ఇలా చేయండి. 13వ కీర్తన తెరవండి, ఆరే వచనాలు. బయటికి వినపడేలా, నిదానంగా చదవండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అక్కడ ఆగి, మీరు ఎన్నాళ్ల నుంచి దేనికోసం ఎదురుచూస్తున్నారో పేరు పెట్టి చెప్పండి: సంబంధం కుదరని చెల్లెలు, తాగుడు మానని భర్త, తీరని అప్పు. తర్వాతి వచనానికి వెళ్లండి. చివరికి వచ్చేసరికి దావీదు పాడుతున్నాడు, మీకు పాడాలనిపించకపోవచ్చు, అయినా ఆ మాటలు ఆయన ముందు చదవండి. పది నిమిషాలు అవుతుంది. మనసు వంటింట్లోకో ఆఫీసులోకో వెళ్లిపోతే, వెళ్లిన చోటు గురించే ఒక మాట ప్రార్థించి మళ్లీ వచనానికి రండి, అంతేగానీ అక్కడే మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ కూర్చోకండి.

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు, దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. ఎండిపోయినట్టున్న రోజున మీరు చేసే ప్రార్థన తక్కువ రకం ప్రార్థన అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే, ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఏలీయాకు అప్పం పంపిన దేవుడు మీకు డాక్టరును పంపడా?

తెలిసిన ఒక్క పని చేసేయండి

ఎన్ని వాక్యాలు విన్నా తృప్తి లేదంటే చాలాసార్లు కారణం ఒక్కటే ఉంటుంది, చేయాలని తెలిసి పక్కన పెట్టిన పని. అన్నదమ్ములతో గట్టు తగాదా, తీసుకుని ఇవ్వని డబ్బు, అత్తగారితో ఏడాదిగా మాటలు లేకపోవడం, ఆఫీసులో పెట్టిన దొంగ బిల్లు. బలిపీఠం దగ్గర నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అన్నాడు యేసు, మత్తయి 5లో. ఆదివారం కానుక సంచి దగ్గరకు వచ్చేలోపు, అంటే ఈ వారంలోనే, ఆ ఫోన్ చేయండి. ఫోన్‌లో వాదన పెట్టుకోకండి, అటు తప్పు ఎంత ఉందో చెప్పకండి. "అన్నయ్యా, నా వైపు తప్పు జరిగింది, క్షమించు" అని మీ వంతు మాత్రం చెప్పండి. అవతలివాళ్లు కరగకపోవచ్చు. ఆ రాత్రి ప్రార్థన మాత్రం వేరేగా ఉంటుంది.

ఒక సంఘంలో ఉండిపోండి

ఈ మాట కాస్త గట్టిగానే చెబుతాను. ఇక్కడ వాక్యం బాగుంటుందని, అక్కడ ఆరాధన బాగుంటుందని, ఇంకోచోట అభిషేకం ఉందని తిరిగేవాళ్లకు ఎక్కడా తృప్తి దొరకదు, ఎందుకంటే ఎక్కడా ఎవరికీ వాళ్ల గురించి తెలియదు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు పండుగ రోజు మూడువేల మంది బాప్తిస్మం పొందారు, అది ఒక్క రోజు. ఆ వెంటనే వచనం చెప్పేది మిగతా రోజుల గురించి: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన, వీటిలో "ఎడతెగక యుండిరి".

మన ఒంగోలు చరిత్రలోనూ ఇలాంటిది ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మన సంఘాల్లో తరచూ చెబుతారు. దానికి ముందు జరిగింది మాత్రం అంతగా చెప్పరు. 1876 నుంచి పెద్ద కరవు, మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని, కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లను ఆపాడు. తిండి కోసం, కూలి కోసం వచ్చారేమో అన్న సందేహం ఉండకూడదని కరవు సాయం ఆగేదాకా ఒక ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, ఇక చేతికి ఏమీ రాదని తెలిసి వచ్చినవాళ్లు వాళ్లు. నాకు ఆ 2,222 అనే అంకె కంటే వాళ్లు ఎదురుచూసిన ఆ ఏడాది గొప్పగా కనిపిస్తుంది.

కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో, వాక్యం సరిగ్గా చెప్పే, డబ్బు లెక్క సంఘానికి చూపించే ఒక మందిరం ఎంచుకోండి. సౌండ్ సిస్టం బాగోకపోయినా ఫర్వాలేదు. కనీసం ఏడాదిపాటు ప్రతి ఆదివారం అక్కడే కూర్చోండి. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకు ఊరికే అలవాటుగా లైనులో నిలబడకండి, శనివారం రాత్రే సిద్ధపడండి. వారం మధ్యలో జరిగే గృహ కూడికకు తప్పకుండా వెళ్లండి, పదిమంది చాప మీద కూర్చుని కీబోర్డు, ప్యాడ్స్ లేకుండా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట పాడుకుంటారు చూడండి, అక్కడ పాట మాటలు వినపడతాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మైకులు లేని కాలంలో రాసినవి, వాటికి హోరు అవసరం లేదు. ఆ పదిమందిలో ఒక్కరికైనా, "ఈ వారం నేను బైబిలు తెరవలేదు" అని చెప్పగలిగేంత చనువు పెంచుకోండి. మగవాళ్లు ఈ విషయంలో బాగా వెనకబడి ఉన్నాం.

వినేది తగ్గించండి

రోజుకు మూడు ప్రసంగాలు యూట్యూబ్‌లో వింటున్నామంటే అది భక్తిలాగే కనిపిస్తుంది. వంట చేస్తూ ఒకటి, బస్సులో ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి, మధ్యలో గూస్‌బంప్స్ వచ్చే షార్ట్‌లు. ఒక నెల ఇలా చేసి చూడండి: వారానికి ఒక్క ప్రసంగమే, మీ సంఘంలో ఆదివారం విన్నది. దాన్నే వారమంతా ఇంట్లో మాట్లాడుకోండి, బుధవారం ఇంట్లో కుటుంబ ప్రార్థన దగ్గర "అయ్యగారు ఆదివారం ఏం చెప్పారు?" అని పిల్లల్ని అడగండి. బస్సులో ఊరికే కూర్చోండి, మొదట్లో చెవులు ఖాళీగా అనిపిస్తాయి, అలాగే ఉండనివ్వండి. రాతినేల మీద పడిన విత్తనం గురించి యేసు చెప్పినప్పుడు, వాక్యాన్ని వెంటనే సంతోషంగా అందుకున్నవాళ్లు కూడా వేరు లేక కొంతకాలమే నిలుస్తారని అన్నాడు. వేరు దిగాలంటే ఈ నిశ్శబ్దం కావాలి.

ఫోటో తీయని సేవ ఒకటి పెట్టుకోండి

మందిరంలో కుర్చీలు సర్దడం, గవర్నమెంటు ఆసుపత్రి వార్డులో ఎవరూ లేని రోగికి పండ్లు ఇచ్చి పది నిమిషాలు కూర్చోవడం, మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దమ్మకు పెన్షన్ రోజున తోడు వెళ్లడం. ఏదో ఒక్కటి చాలు, ప్రతి వారం అదే. స్టేటస్ పెట్టొద్దు, సాక్ష్యంలో చెప్పొద్దు.

మార్పు తెలిసేది ఎలా

మూడు నెలల తర్వాత మొదటి నోటుబుక్ తీసి చూసుకోండి. ఒళ్లు పులకరించిందా అని చూడకండి. కోపం దిగడానికి పట్టే సమయం తగ్గిందా, పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకుంటే వాళ్ల కోసం నిజంగా సంతోషించగలిగారా, జీతం ఆలస్యమైన నెలలో కూడా రాత్రి నిద్ర పట్టిందా అని చూడండి. "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను" అన్నాడు పౌలు. ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు తిని, అర్ధరాత్రి చెరసాలలో పాటలు పాడిన మనిషి, ఏళ్ల తర్వాత మళ్లీ బంధకాల్లోంచి అదే సంఘానికి రాస్తూ "నేర్చుకున్నాను" అంటున్నాడు. అంతటివాడికే నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది, మనకు మూడు నెలల్లో రాలేదని దిగులుపడనక్కర్లేదు.

వేళలు కుదరనివాళ్లకు

నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లు ఉదయం అనే మాట పట్టుకుని ఇబ్బంది పడకండి, నిద్ర లేచిన వేళే మీకు ఉదయం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చాలాచోట్ల ఆరాధన శుక్రవారం ఉంటుంది, క్యాంపు గదిలో ఎనిమిది మంది మధ్య తలుపు వేసుకునే గది దొరకదు, మేడ మీదో డ్యూటీ బస్సు ఎక్కే ముందో ఆ పది నిమిషాలు చూసుకోండి. పసిపిల్లల తల్లులు అధ్యాయం కుదరకపోతే నాలుగు వచనాలు వంటింటి తలుపు వెనక అతికించుకుని చదువుకోండి. మధ్యలో రోజులు తప్పుతాయి, అందరికీ తప్పుతాయి. తప్పిన నాలుగు అధ్యాయాలు ఒకేరోజు కలిపి చదివి లెక్క సరిచేయాలని చూడకండి, ఆ రోజు అధ్యాయం తెరిచి అక్కడి నుంచి చదవండి.